హాలుకు డబ్బు వేరు, ఆటకు డబ్బు వేరు: సీమ జిల్లాల్లో కళలకు నిధులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఉగాది వచ్చినా దసరా వచ్చినా అనంతపురంలో నలుగురు కళాకారులు కూడిన చోట ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: హాళ్లకు కోట్లు పెడతారు, ఆడేవాళ్లకు వేలు కూడా ఇవ్వరు. కర్నూలులో, కడపలో కూడా ఇదే మాట. హాలు నడిపే కమిటీవాళ్లను కదిలిస్తే వాళ్ల బాధ ఇంకోలా ఉంటుంది: వచ్చే అద్దె కరెంటు బిల్లుకే సరిపోవట్లేదు, ఇక ఉచితంగా హాలు ఎక్కడిస్తాం అంటారు. చూసేవాళ్లది మూడో ప్రశ్న. ఎంపీ నిధులు, కేంద్రం నిధులు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) అని పేపర్లో చదువుతుంటాం కదా, ఆ డబ్బంతా ఎటు పోతోంది?

ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. గొడవంతా వేర్వేరు రకాల డబ్బును ఒకే సంచిలో వేసి లెక్కపెట్టడం వల్ల వస్తోంది. కాబట్టి ముందు ఆ రకాలను విడదీసి చూద్దాం.

కట్టడం, నడపడం, ఆడడం

హాలు కట్టడానికి అయ్యేది ఒక్కసారి ఖర్చు. స్థలం, గోడలు, స్టేజీ, కుర్చీలు, ఏసీ. శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, దాత పేరు ఉంటుంది. అందుకే ఈ ఖర్చుకు డబ్బు దొరకడం మిగతా రెండిటితో పోలిస్తే తేలిక.

కట్టిన హాలును నడపడం ఏటా అయ్యే ఖర్చు. కరెంటు, వాచ్‌మన్, ఊడ్చేవాళ్లు, ఎలక్ట్రీషియన్, చిరిగిన తెర, కాలిపోయిన లైటు, ఆస్తి పన్ను. దీనికి శిలాఫలకం ఉండదు. ఏ పథకమూ దీనివైపు పెద్దగా చూడదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మూడోది ప్రదర్శన ఖర్చు. హార్మోనిస్టు, తబలా, డ్రెస్సులు, మేకప్, మైక్‌సెట్, ప్రయాణం, భోజనాలు, కళాకారుల పారితోషికం. ఇది ఆట ఆడిన ప్రతిసారీ కొత్తగా పుట్టుకొచ్చే ఖర్చు.

ఒక పద్దు కింద వచ్చిన డబ్బును ఇంకో పద్దుకు వాడటానికి సాధారణంగా రూల్స్ ఒప్పుకోవు. హాలు కోసం మంజూరైన లక్షల్లోంచి హార్మోనిస్టుకు వెయ్యి ఇచ్చినా ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. 'కోట్లున్నాయి, వేలు లేవు' అన్న మాటకు మూలం చాలావరకు ఇదే.

చందాలు, చదివింపులు: పథకాలకు ముందున్న ఆర్థిక వ్యవస్థ

ప్రభుత్వ పథకాలు లేని రోజుల్లోనూ ఈ ప్రాంతంలో నాటకం బతికింది. రెండు దారుల్లో బతికింది. ఒకటి టికెట్టు దారి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా, తోలుబొమ్మలాడించే వనారస కుటుంబంవాళ్లు తామే వేషాలు కట్టి నాటకం ఆడారు. సురభి నాటక సమాజాల పుట్టుక అది. ఆ కుటుంబాలు ఊరూరా తిరిగి, తాత్కాలిక థియేటర్లు వేసుకుని, టికెట్టు డబ్బుతోనే తరాల పాటు బతికాయి.

రెండోది అభిరుచి దారి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో బళ్లారిలో సరస వినోదిని సభ పెట్టారు. ఆయన వృత్తి వకీలు. తాడిపత్రిలో 1880లో పుట్టి, రంగస్థలాన్ని ఏలిన బళ్లారి రాఘవ కూడా వకీలే. ఇల్లు గడవడానికి వృత్తి ఉంది, నాటకం మనసుకు నచ్చి ఆడారు. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి జిల్లా నుంచే విడివడింది, ఆ సంప్రదాయమూ ఇక్కడ అలాగే నిలిచింది.

పల్లెల్లో ఇప్పటికీ సాగే పౌరాణిక పద్యనాటకం ఈ రెండో దారికి దగ్గర. ఊళ్లో రైతులు, టీచర్లు, కండక్టర్లు, దర్జీలు కలిసి ఒక హార్మోనిస్టును గురువుగా పెట్టుకుంటారు. నెలల తరబడి రాత్రిపూట పద్యాలు నేర్చుకుంటారు. స్త్రీ పాత్రలకు పట్నాల నుంచి వృత్తి కళాకారిణులను డబ్బిచ్చి పిలిపిస్తారు. ఖర్చు ఊరి చందా కొంత, పాత్రధారులు తలా ఇంత వేసుకునేది కొంత. మిగతాది చదివింపులు. కృష్ణుడి వేషగాడు రాగం తీసి పద్యం ముగించగానే కింద నుంచి వన్స్‌మోర్ కేకలు. అదే ఊపులో ఒకాయన లేచి స్టేజీ పక్కకు వచ్చి నోటు చేతిలో పెడతాడు. ఆట ఆగుతుంది. హార్మోనిస్టు శ్రుతి వదలకుండా పట్టుకుని ఉంటాడు. మైకులో ఫలానా వీధి ఫలానావారు కృష్ణుడి పాత్రధారికి ఐదు వందలు చదివించారని చెప్తారు. ఆ తరువాతే రాయబారం ముందుకు సాగుతుంది. కథకు అడ్డం అని విసుక్కునేవాళ్లున్నారు. కానీ చూసినవాడు, నచ్చినంత, నచ్చిన క్షణంలో ఇచ్చే డబ్బు అది. కళకు అంత నేరుగా చేరే డబ్బు మరొకటి లేదు.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. వేరుశెనగ దెబ్బతిన్న ఏడాది చందా పుస్తకం తెరవడానికే కమిటీవాళ్లకు మనసొప్పదు. కళ పూర్తిగా వానమీద ఆధారపడిపోతుంది.

ప్రభుత్వం ఇచ్చేది ఏ పద్దు కింద?

కేంద్ర సాంస్కృతిక శాఖ 'కళా సంస్కృతి వికాస్ యోజన' అనే పేరు కింద చాలా పథకాలు నడుపుతోంది. అందులో హాళ్లకు సంబంధించి రెండు ముఖ్యం. చిన్న సాంస్కృతిక భవనాలు, స్టూడియో థియేటర్లు కట్టుకునే సంస్థలకు మెట్రో నగరాల్లో గరిష్ఠంగా రూ.50 లక్షలు, మిగతా చోట్ల రూ.25 లక్షలు. అనంతపురం, కర్నూలు, కడప రెండో కోవలోకి వస్తాయి. పెద్ద ఆడిటోరియంలకు టాగోర్ కల్చరల్ కాంప్లెక్స్ పథకం ఉంది, దాని పరిమితి రూ.15 కోట్లు.

ఆటకు సంబంధించి వేరే పద్దులున్నాయి. ఉత్సవం, సెమినార్, నాటక నిర్మాణం లాంటి వాటికి సంస్థకు రూ.5 లక్షల వరకు, ప్రత్యేక సందర్భాల్లో రూ.20 లక్షల వరకు ఇస్తారు. గురుశిష్య పరంపర గ్రాంటులో గురువుకు నెలకు రూ.15,000, శిష్యులకు వయసును బట్టి రూ.2,000 నుంచి రూ.10,000. అరవై దాటి, ఏడాదికి రూ.72,000 మించి ఆదాయం లేని కళాకారులకు నెలకు రూ.6,000 సాయం. ఇవి కాక తంజావూరు, నాగపూర్‌లలోని ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు రెండిట్లోనూ ఆంధ్రప్రదేశ్ సభ్య రాష్ట్రమే. ఆ కేంద్రాలు జానపద బృందాలను పిలిచి ప్రదర్శనలు ఇప్పిస్తుంటాయి.

మరి ఇవన్నీ ఉండగా ఊరి బృందానికి ఎందుకు అందవు? దరఖాస్తు దగ్గరే సగం మంది ఆగిపోతారు. సంస్థ రిజిస్టర్ అయి ఉండాలి, మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో పేరుండాలి. గత సంవత్సరాల ఆడిట్ లెక్కలు చూపాలి. డబ్బు ఒకేసారి రాదు, ముందు వచ్చిన విడత ఎలా ఖర్చయిందో చార్టర్డ్ అకౌంటెంట్‌తో ధ్రువీకరించి వినియోగ పత్రం పంపాలి. శ్రావణంలో జట్టు కట్టి సంక్రాంతికి విడిపోయే చెక్కభజన బృందానికి ఇవేవీ ఉండవు. ఈ షరతులు అన్యాయమని నేను అనను. ప్రజల డబ్బుకు లెక్క ఉండాల్సిందే. కానీ ఆ షరతులు కాగితాలు రాయగలిగిన పట్నం సంస్థను ముందుకు తోస్తాయి, గొప్పగా ఆడగలిగిన పల్లె జట్టును వెనక్కి నెడతాయి.

ఎంపీ లాడ్స్, అంటే ఎంపీ నిధుల పథకం గురించీ అపోహ ఉంది. ఒక్కో ఎంపీకి ఏటా రూ.5 కోట్ల పనులు సిఫారసు చేసే వీలుంది. అవి ప్రజలకు శాశ్వతంగా పనికొచ్చే ఆస్తులు అయి ఉండాలి. కమ్యూనిటీ హాలు కుదురుతుంది. వాచ్‌మన్ జీతం, నాటకోత్సవం ఖర్చు కుదరవు. ఎంపీని ఉత్సవానికి డబ్బు అడిగి, రాలేదని నిందించడంలో అర్థం లేదు.

రాష్ట్రం విషయానికొస్తే, 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంగీత నాటక, సాహిత్య, లలిత కళా అకాడమీలను రద్దు చేసింది. 1985లో వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయం ఆ బాధ్యతల్లో చాలావాటిని తీసుకుంది. అకాడమీలు రాజకీయ నియామకాలకు అడ్డాలయ్యాయని కొందరు, కళకంటూ ఉన్న స్వతంత్ర వేదిక పోయిందని ఇంకొందరు అప్పటి నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. నేరుగా కళాకారుడి చేతికి వచ్చే రాష్ట్ర డబ్బులో అందరికీ తెలిసింది డప్పు కళాకారుల పింఛను. 2024 జూలై నుంచి అది నెలకు రూ.4,000. లేపాక్షి, గండికోట ఉత్సవాల్లాంటివి ప్రభుత్వమే నడుపుతుంది, అక్కడ స్థానిక బృందాలకు ఎంత చోటు, సినిమా గాయకులకు ఎంత చోటు అన్నది ఎప్పుడూ నలిగే విషయమే.

ఒక సాయంత్రం నాటకం లెక్క

మాటలకంటే అంకెలు త్వరగా అర్థమవుతాయి. కిందివన్నీ ఊహించి వేసిన అంకెలు, ఏ ఒక్క సంస్థవీ కావు.

అనంతపురంలో ఒక సంఘం హాలు తీసుకుని పద్యనాటకం వేస్తోందనుకుందాం. హాలు అద్దె, కరెంటు రూ.15,000. మైకు, లైట్లు రూ.12,000. హార్మోనియం, తబలా, కీబోర్డు రూ.10,000. బయటి నుంచి వచ్చిన ముగ్గురు కళాకారిణులకు రూ.24,000. డ్రెస్సులు, మేకప్, సీనరీ రూ.18,000. ప్రయాణాలు, భోజనాలు రూ.11,000. పోస్టర్లు, చిల్లర ఖర్చులు రూ.5,000. మొత్తం రూ.95,000.

వంద రూపాయల టికెట్టు పెడితే ఖర్చు రాబట్టడానికి 950 మంది రావాలి. హాలులో 600 కుర్చీలే ఉన్నాయి. రెండు వందలు పెట్టి 300 టికెట్లు అమ్మగలిగితే రూ.60,000 వస్తుంది. ఇంకా రూ.35,000 తక్కువ. ఏడుగురు పాత్రధారులు తలా రూ.5,000 వేసుకుంటే సరిగ్గా ఆ లోటు పూడుతుంది. చాలాచోట్ల జరిగేది ఇదే. చెమటోడ్చి ఆడినవాడే ఎదురు డబ్బు కట్టి ఆడతాడు. రిహార్సల్స్‌కు పెట్టిన రాత్రుల విలువ ఈ లెక్కలో వేయనేలేదు.

ఇక్కడ పన్ను గురించి ఒక్క మాట, చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు కాబట్టి. నాటకం, నృత్యం, సంగీత కచేరీ టికెట్టు మనిషికి రూ.500 దాటకపోతే జీఎస్టీ లేదు. జానపద, శాస్త్రీయ కళాకారుడు ఒక ప్రదర్శనకు తీసుకునే పారితోషికం రూ.1.5 లక్షలు మించకపోతే దానిమీదా లేదు. సినిమా పాటల ఆర్కెస్ట్రాకు ఈ రెండో మినహాయింపు వర్తించదు. ఆర్కెస్ట్రాకు కాపీరైటు చిక్కు కూడా ఉంది. అమెచ్యూర్ సంఘం టికెట్టు లేకుండా పాడితే 1957 కాపీరైటు చట్టంలో మినహాయింపు దొరుకుతుంది. టికెట్టు పెట్టిన రోజు లైసెన్సు అడిగే హక్కు పాటల హక్కుదారులకు వస్తుంది.

టికెట్టు పెట్టాలా, ఉచితంగా వదలాలా?

ఉచితమే మన పద్ధతి అనేవాళ్ల వాదన బలమైంది. గుడి ముందు ఆడే ఆటకు ఎవరు టికెట్టు కొన్నారు? రోజు కూలికి పోయే మనిషి రెండు వందలు పెట్టి ఇంటిల్లిపాదినీ తీసుకురాగలడా? టికెట్టు పెడితే హాలు సగం ఖాళీ అవుతుంది, ఖాళీ కుర్చీల ముందు పద్యం పాడటం ఏ కళాకారుడికైనా నరకమే.

టికెట్టు కావాలనేవాళ్లు సురభిని చూపిస్తారు. కడప జిల్లాలో పుట్టిన సమాజమే టికెట్టు మీద బతికినప్పుడు అది మన పద్ధతి కాదని ఎలా అంటారు? ఊరికే వచ్చేదానికి విలువ ఉండదు, పది నిమిషాలు చూసి ఫోను చూసుకుంటూ లేచిపోతారు అని వాళ్ల మాట.

నాకు అనిపించేది ఇది. ఉచితంగా జరిగే ప్రదర్శన అంటూ ఏదీ లేదు. పల్లెలో చూసేవాడు గేటు దగ్గర కట్టడు కానీ చందా రూపంలో ముందే కట్టి ఉంటాడు, చదివింపు రూపంలో మళ్లీ కడతాడు. పట్నంలో చందా అలవాటు పోయింది, ఉచితం అలవాటు మాత్రం మిగిలింది. మధ్యలో లోటు పాత్రధారి జేబుమీద పడింది.

హాలు లెక్క, పెళ్లిళ్ల ప్రశ్న

అనంతపురంలో లలిత కళా పరిషత్, కర్నూలు సి.క్యాంపులో టీజీవీ కళాక్షేత్రం, కడపలో నేక్‌నామ్ కళాక్షేత్రం. మూడు పట్నాల్లో కార్యక్రమం అనగానే గుర్తొచ్చే చోట్లు ఇవి. కిందిది ఈ మూడిట్లో దేని లెక్కా కాదు, మళ్లీ ఊహించిన హాలే.

అయిదు వందల కుర్చీల హాలు రూ.3 కోట్లతో కట్టారనుకుందాం. కేంద్రం భవన గ్రాంటు పూర్తిగా వచ్చినా రూ.25 లక్షలు, అంటే పన్నెండో వంతు. మిగతాది దాతలు, ప్రజాప్రతినిధుల నిధులు, స్థానిక సంస్థ. సరే, కట్టేశారు. ఇక ఏటా కరెంటు రూ.4 లక్షలు. నెలకు రూ.15,000 చొప్పున ముగ్గురికి జీతాలు రూ.5.4 లక్షలు. మరమ్మతులు రూ.4 లక్షలు. పన్ను, బీమా, చిల్లర రూ.1.6 లక్షలు. మొత్తం రూ.15 లక్షలు.

ఏడాదిలో 50 రోజులు మాత్రమే కళా కార్యక్రమాలు జరిగితే రోజుకు రూ.30,000 అద్దె వసూలు చేయాలి. పైన చూసిన నాటక సంఘానికి అది అసాధ్యం. ఇంకో 100 రోజులు మీటింగులకు, స్కూల్ యాన్యువల్ డేలకు, పెళ్లి రిసెప్షన్లకు రోజుకు రూ.12,500 చొప్పున ఇస్తే రూ.12.5 లక్షలు వస్తాయి. మిగిలిన రూ.2.5 లక్షలను 50 రోజులకు పంచితే నాటకానికి రోజు అద్దె రూ.5,000కు దిగుతుంది. కళాక్షేత్రంలో రిసెప్షన్లేంటని కోప్పడేవాళ్లు ఈ అంకెను చూడాలి.

అయితే వాళ్ల కోపంలోనూ న్యాయం ఉంది. రిసెప్షన్‌కూ, నాటకానికీ కావాల్సింది అదే శనివారం, అదే ఆదివారం. ఎక్కువ ఇచ్చేవాడికి వారాంతం పోయి, నాటకానికి మంగళవారం మధ్యాహ్నం మిగిలితే తక్కువ అద్దె ఎవరికి పనికొస్తుంది? వంటల పొగకు తెరలు పాడవుతాయి, స్టేజీ చెక్కలు కుర్చీల ఈడ్పుకు లేచిపోతాయి. కాబట్టి పెళ్లిళ్లకు ఇవ్వాలా వద్దా అన్నదానికంటే, నెలలో ఎన్ని వారాంతాలు కళకు ముందే పక్కన పెడుతున్నారన్నదే హాలు తీరును తేల్చే ప్రశ్న.

కంపెనీల డబ్బు: బ్యానర్ వేరు, సీఎస్ఆర్ వేరు

యర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఉంది. వాళ్లంతా సీఎస్ఆర్ కింద నాటకాలకు ఇవ్వొచ్చు కదా అంటారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు వెచ్చించాలి. ఆ పనుల జాబితాలో వారసత్వ పరిరక్షణ, సంప్రదాయ కళల అభివృద్ధి ఉన్నాయి. తమ ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఉంది.

కానీ ఒక్కరోజు కార్యక్రమాన్ని స్పాన్సర్ చేసి వెనక బ్యానర్ కట్టించుకుంటే అది సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్పును నిబంధనలే మినహాయించాయి. రెండేళ్ల పాటు తోలుబొమ్మలాట నేర్పే శిక్షణ అయితే వస్తుంది. డబ్బు తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ దగ్గర పన్ను మినహాయింపుల కోసం చేసుకునే 12ఏ, 80జీ నమోదు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. మళ్లీ కథ కాగితాల దగ్గరికే వస్తుంది. బడి, నీళ్లు, ఆసుపత్రి అడిగేవాళ్లు కూడా అదే గుమ్మం ముందు నిలబడి ఉంటారు. కరువు జిల్లాలో నీళ్ల ట్యాంకును పక్కనబెట్టి నాటకానికివ్వండి అనడం ఎవరికీ సులువు కాదు.

గుడుల డబ్బు ఇంకో దారి. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక ఉన్న ప్రాంతం కాబట్టి టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు పేరు ఇక్కడ బాగా తెలుసు. సంకీర్తనకు, భజనకు అది పెద్ద అండ. సాంఘిక నాటకం ఆడేవాళ్లకు ఆ తలుపు తెరుచుకోదు.

హాలు అవసరంలేని కళల సంగతి

ఇన్ని కోట్లు హాళ్ల చుట్టూ తిరుగుతున్నప్పుడు, సీమ కళల్లో చాలావాటికి హాలే అక్కర్లేదన్న సంగతి మరుగునపడుతోంది. చెక్కభజనకు నడవడానికి వీధి కావాలి. ఉరుము అనే వాద్యం వాయిస్తూ ఆడే ఉరుముల ఆటకు గుడి ముందు చోటు కావాలి. కర్నూలు వైపు గురవయ్యల ఆటకూ అంతే. చుట్టూ జనం నిలబడి చూసే ఆటను తెచ్చి మూడువైపులా మూసిన స్టేజీమీద పది నిమిషాలు ఆడమంటే అడుగులే తడబడతాయి.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటనే తీసుకోండి. తోలుబొమ్మలాటకు కావాల్సింది ఒక తెల్లతెర, వెనక దీపం, తెల్లవారేదాకా కూర్చునే జనం. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఊరికి గుర్తింపు వచ్చింది. ఆటకు పిలుపులు తగ్గిపోవడంతో ఆ కుటుంబాలు అదే మేకతోలుతో, అదే రంగులతో ల్యాంప్‌షేడ్లు చేసి అమ్ముకుని బతుకుతున్నాయి. చేతిపని నిలిచింది, ఆ బొమ్మల వెనక పాడే కథ సన్నగిల్లింది. ఇక్కడ హాలుకిచ్చే డబ్బు ఏమీ చేయలేదు.

ఆరుబయట ఆటకు ఇంకో అడ్డంకి రాత్రి పది గంటలు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగలు, సాంస్కృతిక వేడుకల కోసం అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు రాష్ట్రానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. మూసి ఉన్న ఆడిటోరియంలో, లోపలివాళ్లకే వినిపించేలా అయితే ఈ నిషేధం లేదు. అంటే పట్నం హాలులో నాటకం పదిన్నరదాకా సాగొచ్చు, పొలం పనులు ముగించుకుని తొమ్మిదింటికి ముఖానికి రంగు వేసుకునే పల్లె బృందం గంటలో ఆపేయాలి. పరీక్షలకు చదివే పిల్లలు, నిద్రపట్టని పెద్దవాళ్లు ఉన్న వీధిలో ఆ నిబంధన అవసరమే. కానీ దాని భారం పూర్తిగా పల్లెనాటకం మీదే పడుతోంది.

ఇక గురువుల సంగతి. ఒక ఊళ్లో మూడు నెలలు, ఇంకో ఊళ్లో మూడు నెలలు పద్యాలు నేర్పుతూ తిరిగే హార్మోనిస్టు వల్లే ఈ నాటకం నడుస్తోంది. గురుశిష్య గ్రాంటు సంస్థ ద్వారా, స్థిరంగా ఉండే శిష్యుల జాబితాతో వస్తుంది. ఆయన శిష్యులు ఊరూరా రైతులు, పేర్లు ఏడాదికోసారి మారతాయి. అరవై దాటాక ఇచ్చే రూ.6,000 సాయానికి ఆదాయ పత్రంతో పాటు, ఇన్నేళ్లూ కళలో ఉన్నాడని చూపే రుజువులు కావాలి. ఆయన దగ్గర ఉండేవి నాటకం కరపత్రాలు, ఊళ్లవాళ్లు కప్పిన శాలువాలు, సన్మాన పత్రాలు. పాత కరపత్రాలను దాచి, తేదీల వారీగా పెట్టి, ఆ దరఖాస్తు నింపిపెట్టే చదువుకున్న శిష్యుడు ఒకడు ఉన్న గురువుకు ఆ సాయం అందుతోంది. లేనివాళ్లు చేయి ఆడినంత కాలం ఊళ్లు తిరిగి నేర్పుతూనే ఉన్నారు.